కుదుపుల లెక్క

గతుకుల్లో మా మారుతి 800 చేసే 'టక్ టక్' చప్పుడుకు నాన్న మొదట్లో నవ్వేవారు. "దానికీ కీళ్లు అరిగాయిరా" అనేవారు. తుంటి ఆపరేషన్ అయ్యాక ఆ నవ్వు పోయింది. ఫిజియోథెరపీ కోసం వారానికి రెండుసార్లు నూజివీడు నుంచి విజయవాడ వెళ్లాలి. గుంత వచ్చిన ప్రతిసారీ వెనక సీట్లో ఆయన పళ్లు బిగపట్టడం నాకు అద్దంలో కనిపించేది.

కారు వయసు 20 ఏళ్లు దాటింది. ఆ మోడల్ తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అమ్మేయమన్న వాళ్లకు నాన్న జవాబు ఒక్కటే: "పాతబడితే నన్నూ అమ్మేస్తారా?" రాజనీతి శాస్త్రం చదివి ప్రభుత్వాల సుస్థిరత మీద పేజీలకు పేజీలు రాసిన నాకు, నాలుగు చక్రాల సుస్థిరత గురించి ఏమీ తెలియదని త్వరలోనే తేలిపోయింది.

విడిభాగాల దుకాణంలో నేనడిగింది ఒకే ప్రశ్న: "తక్కువలో ఏమున్నాయి?" ముందు చక్రాల షాకబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్‌లు దాదాపు సగం ధరకే వచ్చాయి. పెట్టె చూస్తే అచ్చం అసలుదే. నెల రోజులు కారు పల్లకీలా నడిచింది. అయిదో నెలలో, మా వీధి మలుపు తిరుగుతుండగా, పెద్ద చప్పుడుతో ఎడమ చక్రం పక్కకు ఒరిగిపోయింది. లోయర్ ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ ఊడిపోయింది. అప్పుడు వేగం 20 కూడా లేదు. కానీ ముప్పావుగంట ముందు అదే కారు హైవే మీద 70లో పరుగెత్తింది. వెనక సీట్లో నాన్న ఉన్నారు. నేను మిగుల్చుకున్నది రెండు వేల చిల్లర. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు కారును విజయవాడ ఆటోనగర్‌కు లాక్కెళ్లాం. అక్కడ మూడు దశాబ్దాలుగా పనిచేస్తున్న మెకానిక్ విరిగిన భాగాన్ని తిప్పి చూసి, "బాబూ, ఇది బొమ్మ" అన్నాడు. నా అసలు చదువు అక్కడ మొదలైంది.

బండి బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జార్బర్ పని ఆ స్ప్రింగు ఊగిసలాటను ఆపడం. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలితే బండి ఒక్కసారి లేచి నిలబడాలి. మళ్లీ మళ్లీ ఊగినా, షాకబ్జార్బర్ ఒంటి మీద నూనె కారినా దాని పని అయిపోయినట్టే. మార్చేటప్పుడు ఎడమ, కుడి రెండూ మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. స్ప్రింగు కుంగకపోతే, విరగకపోతే దాని జోలికి పోనక్కర్లేదు.

మరి కొనేదెలా? కార్ల కంపెనీ సొంత పెట్టెలో వచ్చేది, లేదా ఆ కంపెనీకే సరఫరా చేసే తయారీదారు సొంత పేరుతో అమ్మేది తీసుకోవాలి. రెండోది చాలాసార్లు చౌక, నాణ్యతలో పెద్ద తేడా ఉండదు. పార్ట్ నంబరు, తయారీ తేదీ, ధర చూసి బిల్లు తీసుకోవాలి. రబ్బరు బుష్‌ల విషయంలో తేదీ మరీ ముఖ్యం. అల్మరాలో పడి ఉన్నా రబ్బరు గట్టిపడుతుంది. నకిలీ సరుకు అమ్మితే ట్రేడ్ మార్కుల చట్టం (1999) ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. కానీ బిల్లే అడగని నాలాంటి వాడికి ఏ చట్టం మాత్రం ఏం చేస్తుంది?

సరుకు మంచిదైనా బిగింపు తప్పితే వృథాయే. బుష్ బోల్టును చివరిగా బిగించేది బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే. జాకీ మీద గాల్లో ఉండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. ఆ పని కోసం మెకానిక్ నేల మీద పడుకుని కారు కిందకు పాకడం చూశాక, కూలీ దగ్గర బేరమాడాలని అనిపించలేదు. చివరగా వీల్ అలైన్‌మెంట్.

తర్వాతి వారం హాస్పిటల్ నుంచి వస్తుంటే నాన్న కిటికీలోంచి చూస్తూ అన్నారు: "ఈ మధ్య రోడ్డు బాగుచేసినట్టున్నార్రా!"

గుంతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా జీవితంలో మొదటిసారి, చేయని పనికి ప్రభుత్వానికి దక్కిన ప్రశంసను నేను ఖండించలేదు.