పూడికను కొలిచేదెలా?

సాయంత్రం ఆరున్నరకి వర్తూరు కోడి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారా ఎప్పుడైనా? వైట్‌ఫీల్డ్ నుంచి గుంజూరు, బళగెరె వైపు ఇళ్ళకి వెళ్ళే మన తెలుగువాళ్ళకి ఆ చోటు బాగా తెలుసు. బండి ఎలాగూ కదలదు కాబట్టి, పక్కనున్న చెరువు గురించి కాసేపు మాట్లాడుకుందాం. నేను ఒక ప్రభుత్వ సంస్థలో కొనుగోళ్ళు, కాంట్రాక్టుల విభాగానికి సూపర్‌వైజర్‌ని. ఆ చెరువు పనితో మా ఆఫీసుకి ఏ సంబంధమూ లేదు. అయినా నా ఉద్యోగం ఏమిటో చెప్పమని ఎవరడిగినా నేను ఆ చెరువునే చూపిస్తాను.

2015 వేసవి గుర్తుందా? అలుగు దగ్గర నురగ గుట్టలుగా పేరుకుని, గాలికి లేచి రోడ్డు మీద పోయేవాళ్ళ మీద పడింది. బెంగళూరు మురుగులో పెద్ద భాగం బెళ్ళందూరు చెరువులోకి, అక్కణ్ణించి వర్తూరులోకి దిగుతుంది. అందులో డిటర్జెంట్లు ఉంటాయి, అలుగు మీంచి దూకగానే నురగ కడుతుంది. 2018 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వం 50 కోట్లు, నగరపాలిక బీబీఎంపీ 25 కోట్లు కట్టాలని తీర్పిచ్చింది. తర్వాత బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ (బీడీఏ) ఆధ్వర్యంలో పూడికతీత మొదలైంది. సుమారు 445 ఎకరాల చెరువు, అడుగున దశాబ్దాల బురద.

ఇప్పుడు మీరు నా కుర్చీలో కూర్చోండి. ఆ బురద తీయించాలి. ఎంత తీశారని లెక్కగట్టి డబ్బిస్తారు?

లారీల లెక్కన ఇద్దామంటారు, అందరూ మొదట అనే మాట అదే. కానీ మట్టి తవ్వగానే ఉబ్బుతుంది. నేలలో ఒక ఘనపు మీటరు ఉన్నది లారీలో పోశాక ఇంకా ఎక్కువ చోటు తీసుకుంటుంది. పైగా తడి బురదలో నీళ్ళెన్ని, మట్టెంత? నీళ్ళు మోసినందుకు కూడా ప్రజల డబ్బు ఇచ్చేస్తామా? అందుకని ముందు నీళ్ళు తోడేసి, వచ్చే మురుగుని పక్క కాలువలోకి మళ్ళించి, చెరువు అడుగంతా గళ్ళు గీసి, గడిగడికీ లెవెల్స్, అంటే ఎత్తుల కొలతలు, తీసుకోవాలి. తవ్వకం అయ్యాక అవే చోట్ల మళ్ళీ తీయాలి. ఆ రెండింటి తేడాయే జరిగిన పని. లారీ ట్రిప్పుల రిజిస్టరు దాన్ని సరిచూసుకోడానికి మాత్రమే.

మొదటి లెవెల్స్ ఎప్పుడు తీశారన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. జేసీబీ దిగాక తీసిన లెవెల్స్‌ని ఇక ఏ ఆడిటరూ సరిచూడలేడు. పాత అడుగు పోయింది, గట్టి వాన పడితే కొత్త అడుగూ కప్పబడిపోతుంది. అప్పుడు మిగిలేది ఎం-బుక్ ఒక్కటే. ఎం-బుక్ అంటే కొలతల పుస్తకం. దాని పేజీలకి ముందే నంబర్లు వేసి ఉంటాయి, ఒక్క కాగితం చించకూడదు. అంకె తప్పు పడితే చెరపకూడదు, అడ్డంగా గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం చేయాలి. సైటులో కొలిచినవాడే, కొలిచిన తేదీతో రాయాలి. ఆఫీసుకొచ్చి తీరిగ్గా నింపే ఎం-బుక్కులు నేను చూశాను. చేతిరాత ఒకటే, ఇంకు ఒకటే, పదిరోజుల కొలతలు ఒకే ఊపులో రాసినట్టు తెలిసిపోతుంది. అలాంటిది నా టేబుల్ మీదికొస్తే వెనక్కి పంపుతాను. కుర్రాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా సరే.

మా అపార్ట్‌మెంటులో వాళ్ళు మాత్రం, "మేడమ్, టెండరు ఎవరికొస్తుందో మీకు ముందే తెలుస్తుందా?" అని అడుగుతారు. అనుమానం ఊరికే పుట్టలేదు. 2021లో కర్ణాటక కాంట్రాక్టర్ల సంఘం 40 శాతం కమీషన్లు అడుగుతున్నారని ఆరోపిస్తూ ప్రధానికి లేఖ రాసింది. మన ఆంధ్రలో ఒకప్పుడు టెండరు బాక్సు దగ్గరికే మనిషిని రానిచ్చేవాళ్ళు కాదు, గేటు దగ్గరే షెడ్యూలు లాగేసుకునేవాళ్ళు. 2003లో అక్కడ ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక ఆ గేటు రౌడీయిజానికి పనిలేకుండా పోయింది. అది గొప్ప మార్పే, కాదనను. కానీ కంప్యూటరు కాపలా కాసేది బాక్సుని. బాక్సులో పడేముందు రాసిన కాగితానికీ, పని జరిగేటప్పుడు రాసే కాగితానికీ కాపలా మనిషే. ప్రజల డబ్బు ఎక్కువగా కారిపోయేది ఆ రెండు చోట్లే అని నా గట్టి నమ్మకం.

ముందు రాసే కాగితం అంటే స్పెసిఫికేషన్. మొన్న మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అబ్బాయి పంపుసెట్ల ఫైలు తెచ్చాడు. "పంపు బరువు 43 కిలోలు ఉండవలెను" అని ఉంది.

"బరువెందుకు బాబూ?"

"పాత ఫైల్లో ఉంది మేడమ్."

పాత ఫైల్లోకి ఏదో కంపెనీ బ్రోషర్లోంచి వచ్చింది. ఆ ఒక్క లైనుతో మిగతా కంపెనీలన్నీ బయటికి పోతాయి, ఎవరూ లంచం తినక్కర్లేదు కూడా. నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎంత ఎత్తుకి తోడాలో రాయమన్నాను. అలా రాయాలంటే బావి దగ్గరికెళ్ళి కొలవాలి. మర్నాడు వెళ్ళి కొలుచుకొచ్చాడు. ఆ అబ్బాయిని చూస్తే నాకు నిజంగా సంతోషమేసింది.

కర్ణాటకలో టెండర్లకంతా 1999 నాటి పారదర్శకత చట్టం ఉంది, 2000 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది వచ్చిన నియమాల్లో రెండు కోట్లలోపు టెండరుకి 30 రోజులు, ఆపైన దానికి 60 రోజులు గడువివ్వాలని రాశారు. తగ్గించాలంటే పై అధికారి కారణం రాసి సంతకం పెట్టాలి. కారణం రాయమనగానే చాలా అర్జంటు పనులు అర్జంటు కాకుండా పోవడం నేను చూశాను. చట్టంలోనే 4(జి) అని ఒక మినహాయింపూ ఉంది, ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి టెండరు లేకుండానే పని అప్పగించవచ్చు. వరదలొస్తే అది అవసరమే. మామూలు రోడ్లకీ కాలువలకీ దాన్ని వాడటం నాకు నచ్చదు.

మళ్ళీ చెరువు దగ్గరికొద్దాం. మాది బద్వేలు వైపు. అక్కడ పోరుమామిళ్ళ చెరువు ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడనీ అంటారు, 1369లో దాని గురించి శాసనం వేయించాడు. రోజుకి వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో చెక్కించాడు. నా కంటికి అది రాతి మీది ఎం-బుక్. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెప్పాడు. గట్టు కారడం, నేల చవుడు కావడం లాంటివి సరే, ఒక దోషం మాత్రం నన్ను పట్టుకుంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం.

వర్తూరు చెరువుకి సరిగ్గా ఆ దోషమే. చెరువు బీడీఏది, వాన కాలువలు 2025 దాకా బీబీఎంపీవి, మురుగు పైపులు జలమండలివి, నీటి నాణ్యత కాలుష్య మండలిది. ఇప్పుడు బీబీఎంపీ పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. ఒక్కొక్కరి టెండరూ ఒక్కో గట్టు దగ్గర ఆగిపోతుంది. బురద ఎంత తీసినా పైనుంచి మురుగు శుద్ధికాకుండా వస్తూంటే, ఎల్‌-1, అంటే తక్కువ రేటు వేసి టెండరు గెలిచినవాడు, ఎవరైనా ఒకటే. నీళ్ళు అక్కడాగవు, దక్షిణ పినాకిని మీదుగా హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయానికి పోతాయి, నురగ అక్కడా తేలింది. పని హద్దు కాగితం మీద గీసేటప్పుడు నీళ్ళు ఏ దారిన వస్తున్నాయో చూడాలి. మా భాషలో దాన్ని స్కోపు అంటాం.

స్కోపు బాగా గీసిన పని ఒకటి చెప్పాలంటే తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ గుర్తొస్తుంది. 46 వేలకు పైగా చెరువుల లెక్క తీశారు. తవ్వి ట్రాక్టర్‌లో పోసే ఖర్చు ప్రభుత్వానిది, పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఒండ్రు రైతుకి ఎరువు కాబట్టి తనే వచ్చి తీసుకెళ్ళాడు. పూడికని ఎక్కడ పారబోయాలన్న ప్రశ్నే చాలావరకు లేకుండా పోయింది, ట్రాక్టర్లు వెళ్ళాయా లేదా అన్నదానికి ఊరంతా సాక్షి. వర్తూరు బురద అలా పొలాలకి పంచేయగలిగేది కాదు, ఊరి మురుగు దిగిన బురద కాబట్టి ముందు పరీక్ష చేయించాలి. ఆ ఖర్చునీ మొదటి ఎస్టిమేట్‌లోనే వేసుకోవాలి.

ఇక డబ్బు చెల్లింపు సంగతి. పలమనేరు వైపు నుంచి వచ్చిన చిన్న కాంట్రాక్టరు ఒకాయన ఆమధ్య ఫోన్ చేశాడు. "ఏం మేడమ్, నా బిల్లు ఏ టేబుల్ మీద నిద్దరపోతోంది?" నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పని చేశాడు. సరుకు, సేవలు అమ్మే చిన్న సంస్థలకి 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది, దాటితే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ. ఈయనది సివిల్ పని, ఆ రక్షణ గట్టిగా దొరుకుతుందని నేను మాటివ్వలేకపోయాను. బిల్లు ఎక్కడుందో వెతికి కదిలించాను. మన ఆలస్యానికి అయ్యే వడ్డీని ఆయన వచ్చేసారి రేటులో కలుపుకునే వేస్తాడు, అదీ మీరు కట్టే పన్నులోంచే పోతుంది.

ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు కాబట్టి మీకు పనికొచ్చే మాట ఒకటి. సమాచార హక్కు చట్టంలో కాగితాల నకళ్ళు అడగడమే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేయడానికీ, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి తీసుకోడానికీ హక్కుంది. ఫీజు పది రూపాయలు. కర్ణాటకలో అర్జీ ఒకే విషయం మీద, 150 పదాల్లోపు ఉండాలి. మీ వీధి రోడ్డుకి "టెండరు ఎవరికిచ్చారు" అని పదాలు ఖర్చుపెట్టకండి, అది పోర్టల్‌లోనే దొరుకుతుంది. మంజూరైన ఎస్టిమేట్, పని మొదలవక ముందు తీసిన లెవెల్స్, ఎం-బుక్‌లో ఆ పనికి చెందిన పేజీలు, చెక్ మెజర్‌మెంట్ (పై అధికారి మళ్ళీ కొలిచి సరిచూడటం) చేసిన తేదీ. ఈ నాలుగే అడగండి.