ఏం కూర?

ఇంటర్ దాకా అంతా ఇంగ్లీషు మీడియమే చదివిన నాకు ఒక చిన్న తెలుగు ప్రశ్నకు ఇంగ్లీషు దొరకడం లేదు. "ఏం కూర?" దీన్ని "వాట్ కర్రీ?" అంటే హోటల్లో వెయిటర్‌ని అడిగినట్టు ఉంటది.

కర్రీ, కూర ఒకటే అనుకుంటం. కర్రీ అనే మాట తమిళ 'కఱి' నుంచి పోయిందని ఇంగ్లీషు డిక్షనరీలు చెప్తయి. 1747లో లండన్‌లో అచ్చయిన హానా గ్లాస్ వంటల పుస్తకంలోనే అది ఉంది. మన కూరకు ఇంకో అర్థం ఉంది: ఆకు. పాలకూర, తోటకూర, బచ్చలికూర, మా దిక్కు పుంటికూర. పుంటికూరనే గుంటూరు దోస్తులు గోంగూర అంటరు, అందులోని 'గూర' కూడా ఇదే. టెన్త్‌లో గసడదవాదేశ సంధికి మనందరం బట్టీ పట్టిన ఉదాహరణ గుర్తుందా? కూర + కాయ = కూరగాయలు. అది ద్వంద్వ సమాసం, అంటే కూరయును కాయయును. ఆకు వేరు, కాయ వేరు అన్నట్టే కదా.

వండినంక వంకాయ కూడా కూరే అయితది. ఆదివారం మా ఇంట్లో "కూర తెచ్చిన్రా?" అంటే మాత్రం మటన్ అనే అర్థం. తమిళంలో కఱి అన్నా మాంసమే అని మా చెన్నై క్లాస్‌మేట్ చెప్పిండు. ప్రోగ్రామింగ్‌లో దీన్నే ఓవర్‌లోడింగ్ అంటం. పేరు ఒక్కటే, ఏమిచ్చినమో చూసి పని మారుతది.

అర్థం సంగతి సరే, వాడుక సంగతి నాకు మా అమ్మ దగ్గర తెలిసింది. మా అమ్మమ్మది జఫర్‌గఢ్. అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసి మొదట అడిగేది "ఏం కూర?" అనే. "ఎట్లున్నవ్?" అంటే అమ్మమ్మ ఎప్పుడైనా "మంచిగనే ఉన్న" అంటది. కూర పేరు చెప్తే మాత్రం మొత్తం తెలిసిపోతది. యాటకూర అంటే చుట్టాలొచ్చిన్రు. తుమ్మికూర అంటే వినాయక చవితి. గంగవాయిలి కూర అంటే వాన పడ్డది, అమ్మమ్మ చెలక దాకా నడిచి తెంపుకొచ్చింది, మోకాళ్లు బాగానే ఉన్నయి.

పోయినేడు తాత చనిపోయిండు. దినాలు అయిపోయి అందరం ఎవరిళ్లకు వాళ్లం వచ్చేసినం. ఒకరోజు "ఏం కూర?" అంటే "పచ్చిపులుసు పోసుకున్న" అన్నది. తెల్లారి తొక్కు. ఆ తర్వాత రోజు, "ఒక్కదానికి ఏం కూర బిడ్డా" అన్నది. అమ్మ ఇంకేం అడగలేదు. పొద్దున్నే బస్సెక్కింది. పోయి చూస్తే అమ్మమ్మ జాకెట్లన్నీ వదులైనయి.

మాతో రమ్మంటే రాలేదు. అమ్మ పక్కింటి అత్తతో ఏదో మాట్లాడి వచ్చింది. ఆ సాయంత్రం నుంచి అత్త ఒక గిన్నెలో కూర పంపుడు మొదలుపెట్టింది. మన ఇళ్లల్లో ఎవరైనా కూర పంపిన గిన్నెను ఉత్తగ తిరిగి ఇయ్యరు కదా. ఆ గిన్నె నింపడానికి అమ్మమ్మ పొయ్యి ముట్టియ్యాల్సి వచ్చింది. ఇప్పుడు ఫోన్ చేస్తే చిక్కుడుకాయ అంటది, దోసకాయ అంటది, అత్త కూరలో ఉప్పెక్కువైందని కూడా చెప్తది. ఆ కంప్లయింట్ వింటే అమ్మకు ధైర్యం.

హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మనం "తిన్నవా?" అని అడిగి వేరే ముచ్చట్లోకి పోతం. తినకున్నా "తిన్న" అనడం ఎవరికైనా అలవాటే. ఈ రాత్రి ఇంకొక్క ప్రశ్న కూడా అడగండి. జవాబు రావడానికి ఎంత సేపు పట్టిందో కూడా వినండి.