చంటిపిల్లలతో ప్రయాణం ఆగినప్పుడు

విమానంలో చంటిబిడ్డ ఏడుపు అందుకుంటే చుట్టుపక్కల తలలన్నీ ఒక్కసారిగా అటు తిరుగుతాయి. అలాంటి బిడ్డలు ఇద్దరుంటే? వాళ్లతో పాటు ‘ఎప్పుడు దిగుతాం’ అని నిమిషానికోసారి అడిగే నాలుగేళ్ల పిల్ల కూడా ఉంటే? అయినా నయమే. విమానం గాల్లోకి లేచిందంటే గంటకో గంటన్నరకో గండం గట్టెక్కుతుంది. అసలు విమానమే లేవకపోతేనే వస్తుంది తంటా!

2014 అక్టోబరులో హైదరాబాద్ నుంచి విశాఖ ఉక్కునగరానికి పండక్కి వచ్చిన ఓ కుటుంబానికి సరిగ్గా ఇదే జరిగింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులే. పెద్దపాపకు నాలుగేళ్లు. తర్వాత పుట్టిన కవలలకు తొమ్మిది నెలలు. అమ్మమ్మ, తాతయ్య ఉండేది స్టీల్‌ప్లాంటు క్వార్టర్స్‌లో. కవలలు పుట్టాక పుట్టింటికి అదే మొదటి ప్రయాణం. రైల్లో రాత్రంతా అంటే కష్టమని, ఖర్చయినా పర్లేదని విమానం టికెట్లు తీశారు.

ఎక్కేముందే మొదటి చిక్కు ఎదురైంది. కవలల్ని చెరొకరూ ఒళ్లో పెట్టుకుని పక్కపక్కనే కూర్చుందామనుకున్నారు భార్యాభర్తలు. కుదరదన్నారు కౌంటర్‌లోని అమ్మాయి. చెప్పాక తెలిసింది కారణం. మూడేసి సీట్లుండే విమానాల్లో ఒక వరుసకు సాధారణంగా నాలుగు ఆక్సిజన్ మాస్కులే ఉంటాయి. ముగ్గురు ప్రయాణికులకు మూడు, ఒళ్లోని బిడ్డకు ఒకటి. అదే వరుసలో రెండో చంటిబిడ్డ కూర్చుంటే ప్రమాద సమయంలో ఒకరికి మాస్కు ఉండదు. అందుకే ఒళ్లో బిడ్డలున్న ఇద్దరిని ఒకే వైపు, ఒకే వరుసలో కూర్చోబెట్టరు. తల్లి ఒక వరుసలో, తండ్రి వెనక వరుసలో. పెద్దపాప ఎవరి పక్కన కూర్చోవాలన్నదానికి అక్కడే చిన్న పంచాయితీ!

రెండేళ్లలోపు పిల్లలకు సీటు కొననక్కర్లేదు. కానీ ఒక పెద్దమనిషి ఒళ్లో ఒక్క బిడ్డకే చోటు. అంటే కవలల తల్లి ఎంత ధైర్యవంతురాలైనా ఇద్దరినీ ఒళ్లో వేసుకుని ఒంటరిగా విమానం ఎక్కలేదు. ఇంకో పెద్దవాళ్లు తోడుండాల్సిందే. బిడ్డను తల్లి బెల్టులోనే కలిపి కట్టేయకూడదు. ఒళ్లో బిడ్డకోసం చిన్న బెల్టు విడిగా ఇస్తారు, అడిగి తీసుకోవాలి.

దిగేటప్పుడు కవలల్లో ఒకడు అందుకున్నాడు. విమానం కిందికి దిగుతుంటే క్యాబిన్‌లో గాలి ఒత్తిడి మారుతుంది. చెవిని గొంతుతో కలిపే సన్నటి గొట్టం పసివాళ్లలో ఇంకా సన్నగా ఉంటుంది. ఒత్తిడి సర్దుకోక చెవులు దిబ్బడ వేస్తాయి, నొప్పెడతాయి. మనమైతే గుటకలు వేస్తాం, ఆవులిస్తాం. వాళ్లకది తెలీదు. ఆ సమయంలో పాలు పట్టిస్తే గుటకలు వాటంతటవే పడతాయి. ఈ సంగతి తెలిసిన ఆ తల్లి ఒక సీసా అట్టేపెట్టింది. రెండో సీసా మాత్రం వెనక వరుసలో, తండ్రి కాళ్ల కింది సంచిలో, బట్టల అడుగున ఉండిపోయింది. పక్క సీటులోని పెద్దాయన లేచి సాయం చేయలేరు, అప్పటికే బెల్టు దీపం వెలిగింది. చక్రాలు నేల తాకేదాకా వాడు ఆపలేదు.

పండగ మాత్రం బాగా జరిగింది. అక్టోబరు 3న దసరా. తాతయ్య కవలల్ని చెరో భుజాన వేసుకుని క్వార్టర్స్ అంతా తిప్పారు. తిరుగు ప్రయాణం 12వ తేదీ, ఆదివారం. మర్నాడు సోమవారమే ఆమె మళ్లీ ఉద్యోగంలో చేరాలి. కాన్పు సెలవు అయిపోయింది, దానిమీద జీతం లేని సెలవూ అయిపోయింది. ‘ఈ తేదీ దాటితే ఇక చెప్పలేం’ అని ఆఫీసువాళ్లు ముందే అనేశారు.

ఆ ఆదివారమే హుద్‌హుద్ వచ్చింది.

తుపాను వస్తోందని కొన్ని రోజుల ముందు నుంచే హెచ్చరికలున్నాయి. శనివారం సాయంత్రానికి విమానం రద్దయిందని ఫోన్‌కు సందేశం అందింది. ‘సోమవారం పొద్దున్నే ఏదో ఒకటి దొరక్కపోదు’ అనుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం వేళ గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో గాలులు విశాఖ మీద విరుచుకుపడ్డాయి. చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. స్టీల్‌ప్లాంటులో ఉత్పత్తే ఆగిపోయింది. నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాలోని విమానాశ్రయంలో టెర్మినల్ పైకప్పు దెబ్బతింది. అక్టోబరు 17 వరకు అక్కడి నుంచి ప్రయాణికుల విమానం ఎగరలేదు. ఈ సంగతులేవీ క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లకు అప్పటికి తెలియవు. తెలిసిందల్లా తలుపు సందుల్లోంచి నీళ్లు వస్తున్నాయని, పిల్లలు ముగ్గురూ మంచం మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారని.

సోమవారం గాలి తగ్గింది. ఆమె మనసు మాత్రం నిలకడగా లేదు. ‘కారు మాట్లాడండి. రాజమండ్రి దాకా వెళ్తే అక్కడి నుంచి బస్సో, రైలో, విమానమో ఏదో ఒకటి ఉంటుంది. రేపటికైనా చేరతాను’ అంది భర్తతో. ఆయన గాజువాక దాకా నడిచివెళ్లి ఎలాగో ఓ కారు మాట్లాడి వచ్చారు. డ్రైవరు డబ్బు ఎక్కువే అడిగాడు. పెట్రోలు దొరికితేనే అన్నాడు. దారిలో చెట్లు ఎక్కడెక్కడ పడ్డాయో తెలీదన్నాడు. ఆమె అప్పటికే సంచులు సర్దేసింది.

అప్పటిదాకా వంటింట్లో ఉన్న అమ్మమ్మ బయటికొచ్చి ఒకే ఒక్క మాట అడిగింది. ‘పిల్లల్నేసుకుని వెళ్తావు సరే, దారిలో ఆగిపోతే పాలెక్కడ కాస్తావమ్మా?’

ఎవరూ మాట్లాడలేదు. పాలపొడి డబ్బాలో మిగిలింది సగం. అక్కడైతే గ్యాసు పొయ్యి ఉంది, కాచిన నీళ్లున్నాయి. రోడ్డు మీద ఇరుక్కుంటే ఏముంది? ‘బాబూ, ఉద్యోగం ముఖ్యమే. కాదనను. కానీ కదల్లేని కారులో ముగ్గురు పసివాళ్లతో ఉండటం కంటే కదలని ఇంట్లో ఉండటం మేలు కదా’ అన్నారు మామగారు అల్లుడితో. ఆమె సంచి జిప్పు తీసింది. తీస్తూ ఏడ్చింది. కారుకు వద్దని కబురు పంపారు.

ఆ వారం ఆ ఇల్లు ఎలా గడిచిందో చూస్తే, చంటిపిల్లల ప్రయాణానికి ఏది అవసరమో, ఏది ఆడంబరమో తెలిసిపోతుంది. డైపర్లు మూడో రోజుకి అయిపోయాయి. అమ్మమ్మ పాత నేత చీరలు చింపి గుడ్డలు చేసింది. పాల ప్యాకెట్ల కోసం ఊరంతా బారులు తీరింది. దొరికినచోట ధర మండిపోయింది. దాంతో పాలపొడి రాత్రిపూటకు దాచి, పగలు ఉగ్గు పెట్టారు. వేయించిన బియ్యం, పెసరపప్పు పొడి కొట్టి, పల్చగా ఉడికించి, చెంచాతో. హైదరాబాద్‌లో డబ్బా తిండికి అలవాటుపడ్డ కవలలు మొదటి పూట ఉమ్మేశారు. రెండో పూట తిన్నారు. పెద్దపాప కొవ్వొత్తి వెలుగులో తాతయ్య చెప్పే కథలకు అలవాటుపడి టీవీ మాటే మరిచింది. పక్క క్వార్టర్ వాళ్లు తమ పిల్లాడి కోసం తెచ్చుకున్న పాలపొడిలో సగం పంచి ఇచ్చారు.

మంగళవారం సాయంత్రం డాబా మీద ఓ మూల ఫోన్‌కు సిగ్నల్ తగిలింది. ఆమె ఊపిరి బిగబట్టి ఆఫీసుకు చేసింది. అవతలి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న: ‘పిల్లలు ఎలా ఉన్నారు?’ టీవీల్లో విశాఖను చూశామని, వీలైనప్పుడే రమ్మని అన్నారు. చేతిలో ఫోనుంది కానీ కాసేపు ఆమెకు మాట రాలేదు. రెండు రోజులుగా తనను తిన్న భయం ఒక్క ఫోన్‌కాల్‌తో పోతుందని ఆమె అనుకోలేదు.

విమానం ఆగిపోవడం తుపాన్లకే పరిమితం కాదు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం బద్దలై బూడిద ఎగసింది. యూరప్ గగనతలం చాలా భాగం రోజుల తరబడి మూతపడింది. దాదాపు లక్ష విమానాలు రద్దయ్యాయి. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు మన దేశంలో మామూలు ప్రయాణికుల విమానాలే ఎగరలేదు. 2025 డిసెంబరు మొదటి వారాల్లో పైలట్ల విశ్రాంతి వేళలపై కొత్త నిబంధనలకు సిబ్బంది సర్దుబాటు కాక దేశమంతటా వేల విమానాలు రద్దయ్యాయి. కారణం ఏదైనా, విమానాశ్రయంలో నేలమీద దుప్పటి పరిచి బిడ్డను పడుకోబెట్టే తల్లి కష్టం ఒకటే.

అలాంటప్పుడు మన హక్కులేమిటో తెలిసి ఉండటం మంచిది. డీజీసీఏ నిబంధనల ప్రకారం విమానం రద్దయితే మరో విమానంలో చోటివ్వాలి, లేదంటే టికెట్ డబ్బు వాపసు ఇవ్వాలి. తుపాను, పొగమంచు లాంటి వాతావరణ కారణాలకు అదనపు పరిహారం అడగలేం. కానీ టికెట్ సొమ్ము మాత్రం మనదే. ఆ కుటుంబానికీ అది తిరిగి వచ్చింది. మరో మంచి మాట. పన్నెండేళ్లలోపు పిల్లలకు, ఒకే పీఎన్ఆర్‌లో ఉన్న అమ్మానాన్నల్లోనో సంరక్షకుల్లోనో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ విమానయాన సంస్థలను ఆదేశించింది. అందుకే అందరి టికెట్లూ ఒకేసారి తీయాలి. అమ్మకొకటి, నాన్నకొకటి వేర్వేరుగా తీస్తే ఈ భరోసా దక్కదు. ప్రయాణంలో బిడ్డకు కావలసిన పాలు, మెత్తటి ఆహారం చేతిసంచిలో తీసుకెళ్లొచ్చు. తనిఖీ దగ్గర విడిగా చూపిస్తే సరి.

హక్కులు ఉన్నా ఆకలేసిన బిడ్డ ఆగడు. కాబట్టి చేతిసంచి సర్దేటప్పుడు ప్రయాణం ఎన్ని గంటలో కాదు, ప్రయాణం ఆగిపోతే ఎన్ని గంటలో లెక్కేసుకోవాలి. గంట ప్రయాణమైనా ఒక పూర్తి రోజుకు సరిపడా పాలపొడి, గుడ్డలు, జ్వరం మందు చేతిలో ఉండాలి. పెద్ద సూట్‌కేసు విమానం పొట్టలోకి వెళ్లిపోయాక అందులో ఏముంటే ఏం లాభం? ఇద్దరు చంటిపిల్లలుంటే సంచులూ రెండు ఉండాలి, రెండింట్లోనూ అన్నీ ఉండాలి. తల్లి ఒక వరుసలో, తండ్రి ఒక వరుసలో కూర్చోవాల్సి వస్తే పాల సీసా కోసం అటూ ఇటూ చూడక్కర్లేదు.

అన్నిటికంటే ముందు ‘ఆగుదాం’ అనే మాటను ఓటమిగా అనుకోకూడదు. పెద్దవాళ్లం మాత్రమే ఉంటే బస్సు మారి, రైలు మారి ఎలాగోలా చేరతాం. చేరామని చెప్పుకుంటాం కూడా. పసివాళ్లకు చేరడంతో పనిలేదు. వేళకు పాలు, పొడి పక్క, తెలిసిన ఒడి ఉంటే వాళ్లకు ఏ ఊరైనా ఒకటే. ఆ మూడూ ఎక్కడ దొరుకుతాయో అక్కడే ఆగడం తెలివైన పని.

విమానాశ్రయం మళ్లీ తెరుచుకున్నా ఆ కుటుంబం విమానం కోసం చూడలేదు. రైళ్లు కుదుటపడ్డాక శనివారం సాయంత్రం దువ్వాడలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. ఏ రైల్లో రాత్రంతా కష్టమని విమానం టికెట్లు తీశారో ఆ రైల్లోనే కవలలిద్దరూ ఒకే బెర్తు మీద తెల్లారేదాకా నిద్రపోయారు. సోమవారం ఆమె ఉద్యోగంలో చేరింది. వారం ఆలస్యంగా.

ఆ కవలలు ఇప్పుడు తమ సంచులు తామే మోసుకునేంత పెద్దవాళ్లయ్యారు. ప్రయాణం ఎక్కడికైనా సరే, వాళ్లమ్మ బియ్యం, పెసరపప్పు వేయించి కొట్టిన పొడి ఓ డబ్బాలో పోసి పెట్టుకుంటుంది. ‘అమ్మా, మేమింకా ఉగ్గు తింటామా?’ అని వాళ్లు నవ్వుతారు. ‘మీకని ఎవరన్నారు? పక్క సీట్లో ఏ చంటిబిడ్డ ఉంటుందో ఎవరికి తెలుసు!’ అంటుంది ఆమె.