గాజువాక మేడ మీద సోలార్

వైజాగ్‌లోని మా గాజువాకలో మేడ మీద ప్యానెళ్లు తడిగుడ్డతో తుడిస్తే బకెట్లో నీళ్లు నల్లగా అయిపోతాయి. బొగ్గు పొడి, ఫ్యాక్టరీల దుమ్ము, పైన సముద్రపు ఉప్పుగాలి. ఆ పొర పేరుకున్నకొద్దీ యూనిట్లు తగ్గుతాయి.

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు సబ్సిడీ 78,000 రూపాయలు. ఎండ బాగుంటే కిలోవాట్‌కి రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. అసలు లాభం ఎక్కడుందంటే, మన ప్యానెళ్లు ఇచ్చిన యూనిట్లను బిల్లులోంచి తీసేసే నెట్ మీటరింగ్‌లో ముందు తగ్గేవి పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లే. అందుకే ఏసీలు ఆడే ఇంటికి పెట్టుబడి త్వరగా తిరిగొస్తుంది. నెలకు వంద యూనిట్లు దాటని ఇంటికి చాలా ఏళ్లు పడుతుంది. పెట్టించుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఇదే.

ఇంకో సంగతి. కరెంటు పోతే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత వైజాగ్‌లో రోజుల తరబడి చీకటే కదా! అలాంటప్పుడు బ్యాటరీ లేకపోతే మేడ మీద ఎంత ఎండున్నా అక్కరకు రాదు. తుఫాను గాలికి నిలిచే ఫ్రేము కూడా అంతే ముఖ్యం.

అయినా పెట్టించుకోండి. ఏడాది కరెంటు బిల్లులు ముందేసుకుని లెక్క చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ప్యానెళ్లు వేడెక్కకముందే, పొద్దున్నే తుడవండి.