సాక్చి: ఉక్కు నగరానికి చోటిచ్చిన పల్లె

జంషెడ్‌పూర్ అనగానే ఉక్కు కర్మాగారం స్ఫురిస్తుంది. ఆ కర్మాగారానికి చోటిచ్చిన సాక్చి గ్రామం అంతగా స్ఫురించదు. ఉక్కు రంగంలో జీవిస్తున్న మనం ఆ పల్లె కథ తెలుసుకోవడం అవసరమని మా అభిప్రాయం.

జార్ఖండ్ రాష్ట్రంలోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో, ఛోటానాగపూర్ పీఠభూమిపై ఈ ప్రాంతం ఉన్నది. ఉత్తరాన దల్మా కొండలు కనిపిస్తాయి. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు సోనారీ సమీపాన దోముహానీ వద్ద సంగమిస్తాయి. ఇసుకలో బంగారు రేణువులు లభించే నది కనుక సువర్ణరేఖకు ఆ పేరు సార్థకమే. శతాబ్దం క్రితం ఇక్కడ అడవి, వరి పొలాలు, సంతాల్, హో, భూమిజ్ ప్రజల పల్లెలు ఉండేవి.

1904లో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్, మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల ఇనుప ఖనిజం గురించి జంషెడ్‌జీ టాటాకు లేఖ వ్రాశారు. ఆ ఏడాది మే నెలలోనే జంషెడ్‌జీ కన్నుమూయగా, కుమారుడు దొరాబ్జీ ఆ సంకల్పాన్ని కొనసాగించారు. దక్షిణాన ఖనిజం, ఉత్తరాన ఝరియా బొగ్గు, ప్రక్కనే నదీజలం, చేరువలో కాలీమాటి రైల్వే స్టేషన్: ఈ నాలుగూ కలిసివచ్చిన చోటు సాక్చి. 1908లో నిర్మాణం ఆరంభమై, 1911 డిసెంబరు 2న తొలి ఇనుము, 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు ఇంగాట్ వెలువడ్డాయి.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడి పట్టాలు మెసొపొటేమియా దాకా వెళ్ళాయి. ఆ సేవకు గుర్తింపుగా 1919 జనవరి 2న వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కాలీమాటి స్టేషను టాటానగర్ అయినది.

అయినను పల్లెల పేర్లు చెరిగిపోలేదు. సాక్చి నేడు పెద్ద బజారు. సోనారీ, కద్మా, జుగ్‌సలాయి పేట పేర్లుగా నిలిచాయి. పొట్ట చేతబట్టుకొని వచ్చిన మన తెలుగువారి గుర్తుగా బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉన్నది.

1958లో ప్రారంభమైన జూబిలీ పార్కును యాత్రికులందరూ చూస్తారు. దోముహానీని కూడా చూడవలసినదిగా మా సూచన. ఇంతటి కర్మాగారం ఇక్కడే ఎందుకు వెలసినదో ఆ నీటి ఒడ్డున నిలిచినవారికి సులభంగా బోధపడుతుంది. సెక్టారు నంబర్లతో పిలుచుకునే మన టౌన్‌షిప్పులు సైతం ఒకప్పటి ఎవరో రైతుల పొలాలే. ఆ ఊళ్ళ పేర్లను మన పిల్లలకు చెప్పడం మన కనీస ధర్మం.