కళ్లజోడు ఇచ్చాక ఏమిటి?

అద్దాలు పెట్టుకున్నా, ఆపరేషన్ చేయించుకున్నా చూపు పూర్తిగా రానివాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వీళ్లను అంధుల నుంచి విడిగా గుర్తించింది. 2018లో తెలంగాణలో మొదలైన కంటి వెలుగు పథకం ఊరూరా పరీక్షలు చేసి కళ్లజోళ్లు పంచింది. చాలా మంచి పని. మరి కళ్లజోడుతో పని జరగని మనిషి సంగతి? ఉన్న కాస్త చూపునీ వాడుకోవడం అతను నేర్చుకోవాలి. భూతద్దం ఎంత దూరంలో పట్టాలి, మెట్టు అంచుకు ఏ రంగు పట్టీ వేయాలి, తెల్లన్నం ముదురు రంగు కంచంలో పెట్టుకుంటే ఎంత తేడా... ఇవన్నీ అదే ఇబ్బంది పడినవాళ్లు చెబితే ఇట్టే పట్టుబడతాయి. అందుకే వీళ్లకంటూ సంఘాలు కావాలి.

ఫోనే చదివి వినిపిస్తోంది కదా, ఇంకా సంఘాలెందుకని అడగొచ్చు. ఫోన్ అక్షరాలు చదువుతుంది. "కనబడుతూనే నటిస్తున్నాడు" అన్న నింద పడ్డవాడికి తోడు మాత్రం మనుషులే కావాలి. వేరే గుంపు కడితే జనానికి దూరమైపోతారన్న భయానికి అంధుల క్రికెట్టే జవాబు. పదకొండు మందిలో కనీసం నలుగురు పూర్తి అంధులు, మిగతావాళ్లు కొద్దో గొప్పో చూపున్నవాళ్లు, లోపల గలగలమనే బంతి. ఆ ఆటలోనే ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అజయ్‌కుమార్ రెడ్డి భారత జట్టు కెప్టెనయ్యాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. విడిగా ఆడినందుకే దేశమంతా చూసింది. చాలా పట్టణాల్లో గ్రంథాలయాలున్నాయి, చూపు తక్కువున్నవాళ్లు కలుసుకోవడానికి అందులో నెలకో ఆదివారం ఒక గది ఇవ్వాలంటే కొత్త పథకమేమీ అక్కర్లేదు.