కుడివైపు నుంచి తెరిచే కితాబ్

పోయిన చలికాలం మా బిడ్డ దగ్గరున్న ఆరు బొమ్మల పుస్తకాలు లాక్కుని అల్మారాలో పెట్టి తాళం వేశాను. తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇమ్తెహాన్‌లు దగ్గర పడ్డాయి. ఇషా అయ్యాక రజాయిలో దూరి ఇవే చదువుతోందని బేగం ఫిర్యాదు. బెంగళూరులో ఉండే మా ఖాలా మనవరాలు ఇచ్చిందట. అట్టల మీద జపాన్ బొమ్మలు. "ఏంది బేటీ ఇది?" అన్నాను. "మాంగా, అబ్బా" అంది. "మాంగా లేదు గీంగా లేదు, నక్కో" అన్నాను. లోపల ఏముందో ఒక్క పేజీ కూడా తిప్పి చూడలేదు.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మాట్లాడటం మానేసింది. "ఖానా ఖాయీ?" అంటే "జీ అబ్బా". "పైసలేమన్నా కావాల్నా?" అంటే "నై అబ్బా". పదకొండు రోజులు ఇదే వరస. రోజంతా పదిమందిని పలకరించి ఖబర్లు రాసుకొచ్చేవాణ్ని, ఇంట్లో బిడ్డ నోటి నుంచి మూడో మాట రాబట్టలేకపోయాను.

ఒక రాత్రి డ్యూటీ నుంచి ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. నిద్ర రాలేదు. అల్మారా తెరిచి పైనున్న పుస్తకం తీశాను. అలవాటుగా ఎడమవైపు అట్ట తిప్పితే, ఇటు కాదు, అటు నుంచి మొదలుపెట్టండి అని ఇంగ్లీషులో రాసుంది. జపాన్‌లో మాంగా కుడి నుంచి ఎడమకు నడుస్తుందట. నాకు నవ్వొచ్చింది, కాస్త షరమ్ కూడా అయింది. ఆదోనిలో పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని. అలిఫ్, బే నేర్చిన రోజు నుంచి ప్రతి కితాబ్‌నూ కుడివైపు నుంచే తెరిచినవాణ్ని. డిగ్రీ తెలుగులో చేసి, ఇన్నేళ్లు తెలుగు పేపర్లలో పనిచేసేసరికి నా చెయ్యి ఆ దారి మరిచిపోయింది.

ఆ పుస్తకం పేరు 'సతోకో అండ్ నాదా'. రాసి, గీసింది యూపెచికా. అమెరికాలో చదువుకుంటున్న జపాన్ అమ్మాయి సతోకో. ఆమెతో ఒకే ఇంట్లో ఉండే సౌదీ అమ్మాయి నాదా. బయటికి వెళ్తే నిఖాబ్, ఇంట్లో హంసీ మజాక్. నాలుగేసి గడుల్లో ఒక్కో చిన్న ముచ్చట. ఒకరి తిండి, ఒకరి ఇబాదత్, ఒకరి భయాలు ఇంకొకరికి మెల్లగా అర్థమవుతుంటాయి. నిఖాబ్ వేసుకున్న ఒక ఆడపిల్లను బిచారీగానో, ఖతర్నాక్‌గానో కాకుండా సరదా మనిషిగా చూపించిన తెలుగు కథలు నేను ఎన్ని చదివాను? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా బిడ్డ రజాయిలో దూరి చదువుకున్నది దీన్ని.

రెండోది 'బేర్‌ఫుట్ గెన్'. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడ్డప్పుడు నకజావా కేజికి ఆరేళ్లు. తండ్రినీ, అక్కనూ, తమ్ముణ్నీ పోగొట్టుకున్నాడు. ఆ కథనే 1973 నుంచి పిల్లల పత్రికలో బొమ్మలుగా గీశాడు. మూడోది 'ఒయిషింబో', 1983లో మొదలైంది. అందులో హీరో నాలాగే పేపరాఫీసు మనిషి. అన్నం ఎలా వండాలి, చేపను ఎలా కోయాలి అని పుస్తకం నిండా బహస్ చేస్తాడు! నాలుగోది ఓదా ఈచిరో గీసిన 'వన్ పీస్'. సముద్రపు దొంగలు, రబ్బరులా సాగే కుర్రాడు, ఉరుకులు పరుగులు. ఐదోది మోరి కావోరు గీసిన 'ఎ బ్రైడ్స్ స్టోరీ'. 19వ శతాబ్దపు మధ్య ఆసియాలో గుర్రమెక్కి విల్లుతో వేటాడే దుల్హన్ కథ. ఆరోది ఇతో జున్‌జీ గీసిన 'ఉజుమాకి'. ఒక ఊరిని సుడుల శాపం పట్టి పీడిస్తుంది. రెండు అధ్యాయాలు చదివి, లేచి వెళ్లి తలుపు గడియ చూసుకొచ్చాను.

గీత కూడా ఆరింటిలో ఆరు రకాలు. నకజావా గీత మొద్దుగా, సూటిగా ఉంటుంది. మోరి ఒక్కో తివాచీ పోగునూ ఓపికగా గీస్తుంది. ఇతో సన్నని సిరా గీతలు పేర్చి పేర్చి వొళ్లు జలదరింపజేస్తాడు. అన్నింటికీ పెద్ద కళ్లే అనుకున్నది అట్ట చూసిన నా గల్తీ.

అప్పుడు అబ్బా యాదొచ్చాడు. పత్తి దలాలీ అంగట్లో గుమాస్తా. ఇంట్లో అఖ్బార్ తప్ప వేరే కాయితం కనబడకూడదు. నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు ఇబ్నె సఫీ జాసూసీ నవల ఒకటి, పాత ఖిలోనా సంచికలు రెండు నా సంచిలో దొరికితే, మూడింటినీ నీళ్లపొయ్యిలో పెట్టాడు. ఆయనకు మూడూ ఒక్కటే, 'కిస్సా కహానీ'. ఖిలోనా ఢిల్లీ నుంచి పిల్లల కోసమే వచ్చే పత్రిక అని నేను చెప్పబోతే వినలేదు. నేను ఆ రోజు అబ్బాతో ఎన్నాళ్లు మాట్లాడలేదో ఇప్పుడు లెక్క గుర్తులేదు. కాల్చలేదు కాబట్టి నేను ఆయనకంటే మంచోణ్నని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. తాళం, పొయ్యి ఒకే ఖాందాన్ కదా!

మనం షాయిరీ గురించి ఇట్లా మాట్లాడతామా? నాత్ షాయిరీనే, మర్సియా షాయిరీనే, మయ్‌ఖానా గజల్ కూడా షాయిరీనే. షాయిరీ మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే, ఏ షాయిరీ భాయ్ అని తిరిగి అడుగుతాం. మాంగా కూడా అంతే. జపాన్‌లో పత్రికలను ముందు చదివేవాళ్లను బట్టి విడదీస్తారు. మగపిల్లలవి షోనెన్, ఆడపిల్లలవి షోజో, వయసొచ్చిన మగాళ్లవి సెయినెన్, ఆడవాళ్లవి జోసెయ్. ఒక్కోదాని లోపల మళ్లీ ఆటలు, వంటలు, దయ్యాలు, ఇష్క్, చరిత్ర, ఆఫీసు బతుకులు అన్నీ ఉంటాయి. పిల్లల పత్రికల్లో కష్టమైన అక్షరాల పక్కన ఉచ్చారణను చిన్న అక్షరాల్లో వేస్తారు, మన ఖాయిదాలో జేర్, జబర్, పేష్ ఉన్నట్టు. 1947లో మొదలైన మన చందమామను ఇంటిల్లిపాదీ చదివారు. జపాన్ వాళ్లు ఇంట్లో ప్రతి మనిషికీ వేరే చందమామ వేసుకున్నారు. దాంట్లో ఆడపిల్లల చేతికి ఇవ్వకూడనివీ, ఎవరి చేతికీ ఇవ్వకూడనివీ ఉన్నాయి. అది నిజం. అందుకే తాళం వేయడం కంటే తెరిచి చూడటం ఎక్కువ పని.

ఫజర్ అజాన్ వినబడేదాకా చదివాను. పొద్దున ఐదు పుస్తకాలు బిడ్డ మంచం మీద పెట్టాను. లేచి చూసి, లెక్కపెట్టుకుని, నా వైపు చూసింది. "ఉజుమాకి?" అంది. పన్నెండో రోజున మొదటి మాట అది. "రెండేళ్లు ఆగు బేటీ. నాకే నిద్ర పట్టలేదు" అన్నాను. నవ్వు ఆపుకుంది.

ఇమ్తెహాన్‌లయ్యాక ఆదివారం ఇద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కాం. అమ్మీ అక్కడ మా తమ్ముడి దగ్గర ఉంటుంది. బిడ్డ సంచిలో దుల్హన్ కథ ఉంది. "క్యా హై యే?" అంది అమ్మీ. "మాంగా, దాదీ." "కిస్నే మాంగా?" అంది అమ్మీ. ఎవరు అడిగారు అని! అందరం నవ్వాం. నవ్వుతూనే నాకు తగిలింది. అడగనివాణ్ని నేనే.

అమ్మీకి ఇంగ్లీషు రాదు. కళ్లద్దాలు పెట్టుకుని బొమ్మలే చూసింది. కుడి నుంచే తిప్పింది, ఎవరూ చెప్పకుండా. కుట్టుపని పేజీలొచ్చిన చోట ఆగింది. అందులో ఒక చిన్నపిల్ల డేగల బొమ్మలే కుడతానని మొండికేస్తుంది. అమ్మీ లేచి పెట్టె తీసి తన గుదడీ తెచ్చింది. ఈ ముక్క మీ దాదా లుంగీ, ఇది మీ అబ్బా స్కూలు చొక్కా, ఈ అంచు పక్కింటి మగ్గంలో మిగిలిన గుడ్డ అని వేలు పెట్టి చూపించింది. ఆ మగ్గం తీసేసి చాలా ఏళ్లయింది. మా బిడ్డ నోటుబుక్కు తీసి, "దాదీ, గుంటలో కూర్చుని నేసేటప్పుడు కాళ్లు ఎట్ల పెట్టేవాళ్లు?" అని అడిగింది. అమ్మీ నేల మీద కూర్చుని చూపించింది. బిడ్డ గీసింది. కాళ్లు వంకరొచ్చాయి. మళ్లీ గీసింది.

తిరుగు బస్సులో "మాఫ్ కర్ బేటీ, చూడకుండా తాళం వేశాను" అన్నాను. "హౌ అబ్బా" అని కిటికీ వైపు తిరిగింది. ఆదోని కొండలు కనబడే దాకా ఇంకేం అనలేదు. తర్వాత నోటుబుక్కు నా ఒళ్లో పెట్టింది.

మీ ఇళ్లల్లో కూడా రజాయిల కింద ఏదో ఒక కితాబ్ ఉండే ఉంటుంది. తీసుకునే ముందు ఒక్క రాత్రి మీరు చదవండి. ఇవ్వకూడదనిపిస్తే ఎందుకో చెప్పి ఆపండి. నేను ఒకటి ఆపాను. ఉజుమాకి ఇంకా అల్మారాలోనే ఉంది.